ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేర్ల మధ్య డేటా తరలింపు

ఒక ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో పోగుపడిన పనులు, గడువులు, బాధ్యుల పేర్లు, వ్యాఖ్యలు, జత చేసిన ఫైళ్లు, మార్పుల చరిత్ర మొదలైనవాటిని మరో సాఫ్ట్‌వేర్‌లోకి చేర్చడాన్ని డేటా తరలింపు అంటారు. ఐటీ ఉద్యోగుల వాడుకలో ఇది మైగ్రేషన్. జిరా నుంచి గిట్‌హబ్‌కు, ట్రెల్లో నుంచి అసానాకు, ప్రిమవెరా నుంచి మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌కు, రెడ్‌మైన్ నుంచి జిరాకు ఇలాంటి తరలింపులు నిత్యం జరుగుతుంటాయి. పనుల పేర్లనూ గడువులనూ దాటించడం సులువు. పనికీ పనికీ మధ్య ఉన్న సంబంధాన్నీ, ఏ నిర్ణయం ఎవరు ఎప్పుడు ఎందుకు తీసుకున్నారన్న ఆధారాన్నీ చెడకుండా దాటించడం కష్టం. తరలింపు బాగా జరిగిందో లేదో తేల్చేది ఈ రెండో భాగమే.

నేపథ్యం

ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఒకే వంశానికి చెందినవి కావు. మొదటి తెగ షెడ్యూలు లెక్కలది. 1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థల నిపుణులు రూపొందించిన క్రిటికల్ పాత్ పద్ధతి, 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం తెచ్చిన పెర్ట్ దీనికి పునాదులు. 1980ల్లో వచ్చిన ప్రిమవెరా, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఈ తెగవే. రెండోది లోపాల నమోదు నుంచి పుట్టింది. 1998 నాటి బగ్‌జిల్లా, 2002లో సిడ్నీ సంస్థ అట్లాసియన్ విడుదల చేసిన జిరా, 2006 నాటి రెడ్‌మైన్ ఇందులోకి వస్తాయి. మూడోది కార్డులూ బోర్డులది; 2011లో మొదలైన ట్రెల్లో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ.

పని అంటే ఏమిటన్న ప్రశ్నకు ఈ మూడూ మూడు జవాబులు చెబుతాయి. షెడ్యూలు సాఫ్ట్‌వేర్‌కు పని అంటే వ్యవధి, దాని ముందూ వెనుకా ఉన్న పనులతో ముడి. లోపాల నమోదు సాఫ్ట్‌వేర్‌కు పని అంటే ఒక సంఖ్య, ఒక స్థితి, దాని కింద సాగిన చర్చ. బోర్డుకు పని అంటే ఒక నిలువు వరుసలో ఉన్న కార్డు. ఒకే తెగలోని రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య తరలింపు కొంత మెరుగు. ఒక తెగ నుంచి మరో తెగకు వెళ్లేటప్పుడు మాత్రం సమాచారం కొంత పోకుండా ఉండదు. ఎంత పోతుందో ముందే రాసి పెట్టుకోవడం మంచి బృందాల అలవాటు.

తరలింపుకు కారణాలు

ఖర్చు, సంస్థల విలీనం, అన్ని విభాగాలూ ఒకే టూల్ వాడాలన్న నిర్ణయం వంటివి మామూలు కారణాలు. అయితే వాడుకరుల ప్రమేయం లేకుండా వచ్చి పడే తరలింపులు కూడా తక్కువేమీ కావు. గూగుల్ కోడ్‌ను మూసేస్తామని గూగుల్ 2015 మార్చిలో ప్రకటించి 2016 జనవరిలో మూసింది. ఫాబ్రికేటర్ అనే ప్రాజెక్టు నిర్వహణ టూల్‌ను నడిపిన ఫాసిలిటీ సంస్థ 2021 జూన్‌లో కార్యకలాపాలు ఆపేసింది. ఆ కోడ్‌ను ఫోర్జ్ పేరుతో వాడుకరుల సమూహం నిలబెట్టుకుంది. అట్లాసియన్ తన సర్వర్ ఉత్పత్తులకు 2024 ఫిబ్రవరి 15తో మద్దతు ముగించడంతో, సొంత యంత్రాలపై జిరా నడుపుకునే సంస్థలు క్లౌడ్‌కు గానీ, డేటా సెంటర్ రకానికి గానీ, వేరే సాఫ్ట్‌వేర్‌కు గానీ మారాల్సి వచ్చింది. పివోటల్ ట్రాకర్ 2025 ఏప్రిల్ 30న ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ తన ప్రాజెక్ట్ ఆన్‌లైన్ సేవకు 2026 సెప్టెంబరు 30ని చివరి తేదీగా ప్రకటించింది.

పివోటల్ ట్రాకర్ ముగింపు ఒక సూక్ష్మమైన నష్టాన్ని బయటపెట్టింది. ఒక బృందం గత కొన్ని వారాల్లో ఎన్ని పాయింట్ల (పని పరిమాణానికి ఇచ్చే అంకెల) పని పూర్తి చేసిందో చూసి, రాబోయే పని ఎప్పటికి పూర్తవుతుందో ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే అంచనా వేసేది. పాయింట్లను కొత్త టూల్‌లోకి తెచ్చుకోవచ్చు. ఆ అంచనా మాత్రం నిల్వ చేసిన విలువ కాదు, ఎప్పటికప్పుడు కట్టే లెక్క. లెక్క కట్టే తీరు కొత్త టూల్‌లో వేరైతే పాత జోస్యం అక్కడితో ఆగిపోతుంది. ప్రోగ్రెస్ చార్టులు, నివేదికలు, డ్యాష్‌బోర్డులు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

ఏవి దాటుతాయి, ఏవి దాటవు

ప్రతి తరలింపుకూ మొదటి పత్రం ఫీల్డ్ మ్యాపింగ్. పాత సాఫ్ట్‌వేర్‌లోని ఏ గడి కొత్తదానిలోని ఏ గడికి వెళ్లాలో అందులో రాస్తారు. పేర్లు ఒకటే అయినంత మాత్రాన అర్థాలు ఒకటి కావు. ఒక చోట ‘పూర్తి’ అంటే కోడ్ రాయడం ముగిసిందని, మరో చోట పరీక్షలు దాటి విడుదలైందని. పాత టూల్‌లో పదకొండు స్థితులుండి కొత్తదానిలో నాలుగే ఉంటే, ఏవి ఏ స్థితిలో కలిసిపోవాలన్నది సాంకేతిక నిపుణులు ఒంటరిగా తేల్చే విషయం కాదు. ఆ పనులు చేసేవాళ్లు కూర్చుని తేల్చాలి. పరిమాణాల తేడాలూ ఉంటాయి. ట్రెల్లోలో కార్డు పేరు ఎంతో పొడవుండవచ్చు. జిరాలో శీర్షిక 255 అక్షరాలు దాటకూడదు. ముందే చూసుకోకపోతే అలాంటి వరుసలు దిగుమతిలో తిరస్కరణకు గురవుతాయి.

నిర్మాణం మరో చిక్కు. అసానాలో ఒకే పని ఒకేసారి అనేక ప్రాజెక్టుల్లో ఉండవచ్చు. జిరాలో ఒక పని, అక్కడి మాటలో ఇష్యూ, ఒక్క ప్రాజెక్టుకే చెందుతుంది. అసానా నుంచి వచ్చే పనికి ఏది సొంత ప్రాజెక్టో ఎంచి, మిగిలిన సభ్యత్వాలను లేబుళ్లుగా మార్చడం ఒక దారి. ప్రతి ప్రాజెక్టులోనూ నకలు పెట్టడం ఇంకో దారి; ఆరు నెలలు తిరిగేసరికి నకళ్లు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా పోతాయి కాబట్టి మొదటిదే మేలు. ట్రెల్లోలో కార్డు ఎప్పుడు పుట్టిందన్నదానికి విడిగా గడి లేదు. కార్డు గుర్తింపు సంఖ్యలోని మొదటి ఎనిమిది అక్షరాల్లో ఆ సమయం దాగి ఉంటుంది. ఈ సంగతి తెలియనివారి తరలింపులో కార్డులన్నీ దిగుమతి రోజునే పుట్టినట్టు కనిపిస్తాయి. బోర్డును జేసన్ రూపంలో ఎగుమతి చేస్తే చరిత్రలో చివరి 1000 చర్యలే వస్తాయన్నదీ గుర్తుంచుకోవాలి. అంతకు ముందువి కావాలంటే ఏపీఐ (ప్రోగ్రాములు ఆ సేవతో నేరుగా మాట్లాడే మార్గం) ద్వారా విడతలుగా తెచ్చుకోవాలి.

రాతలోని గుర్తులు చేసే నష్టం తరచూ ఆలస్యంగా కంటపడుతుంది. జిరా పాత వికీ రాతలో నక్షత్రం గుర్తుల మధ్య పెట్టిన మాట బొద్దుగా కనిపిస్తుంది. మార్క్‌డౌన్‌లో అదే వాలుగా మారుతుంది. జిరాలో వరుస మొదట పెట్టే హాష్ గుర్తు అంకెల జాబితాను ఇస్తుంది. మార్క్‌డౌన్‌లో అదే గుర్తు పెద్ద శీర్షికను ఇస్తుంది. పది మెట్ల సూచనలు పది భారీ శీర్షికలై కూర్చుంటాయి. హాష్ పక్కన అంకె ఉంటే గిట్‌హబ్ దాన్ని ఏదో ఒక ఇష్యూకు లింకు అనుకుంటుంది. జావా కోడ్‌లో మామూలుగా వాడే ఎట్ గుర్తు పదాలు వ్యాఖ్యల్లో అలాగే దిగితే, అదే పేరు పెట్టుకున్న అపరిచిత వాడుకరులకు ఈమెయిళ్లు వెళ్లిపోతాయి. అందుకే మార్పిడి స్క్రిప్టులో కోడ్ భాగాలను ముందుగా గుర్తించి కాపాడాలి.

మనుషుల గుర్తింపు అన్నిటికంటే సున్నితమైనది. పదేళ్ల పాత ట్రాకర్‌లో వ్యాఖ్యలు రాసినవారిలో చాలామంది ఈపాటికి సంస్థలో ఉండరు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో వారికి ఖాతా తెరిస్తే లైసెన్స్ ఖర్చు. తెరవకపోతే వారి మాటలన్నీ దిగుమతి చేసిన రోబో పేరు కింద పడతాయి. అసలు రచయిత పేరు, తేదీ వ్యాఖ్య మొదట్లోనే పాఠంగా రాసి పెట్టడం చాలామంది ఎంచుకునే రాజీ. అట్లాసియన్ ఐరోపా గోప్యతా చట్టం దృష్ట్యా తన క్లౌడ్ ఏపీఐలలో వాడుకరి పేర్ల స్థానంలో ఖాతా గుర్తింపు సంఖ్యలను 2019లో తప్పనిసరి చేసింది. పాత సర్వర్ నుంచి వచ్చేవారు ఈమెయిలు ఆధారంగా ఎవరు ఎవరో జతపరచుకోవాలి. పెళ్లి తర్వాతో, సంస్థ విలీనం తర్వాతో ఈమెయిలు మారిన ఉద్యోగి ఇద్దరు మనుషులుగా విడిపోయేది ఇక్కడే.

పనుల సంఖ్యల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇష్యూ సంఖ్య సాఫ్ట్‌వేర్ లోపలే ఉండిపోదు. కోడ్ మార్పుల సందేశాల్లో, వినియోగదారులకు రాసిన ఉత్తరాల్లో, ఒప్పందాల అనుబంధాల్లో, ఆడిట్ నివేదికల్లో ఉంటుంది. పొలం సర్వే నంబరు మార్చి పాత దస్తావేజులను అలాగే వదిలేస్తే ఎలాంటి చిక్కులొస్తాయో, ఇక్కడా అలాంటివే వస్తాయి. పాత సంఖ్యను నిలుపుకోవడం వీలైతే అదే ఉత్తమం. కాకపోతే పాత సంఖ్యకు విడి గడి, పాత చిరునామా నుంచి కొత్తదానికి దారి మళ్లింపు, ఈ రెండూ తప్పనిసరి.

షెడ్యూళ్ల ప్రత్యేక సమస్య

భవనాలు, వంతెనలు, రిఫైనరీలు కట్టే సంస్థలకు తరలింపులో ప్రధాన ప్రశ్న ఒకటే. ముగింపు తేదీ మారిందా? మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ ఎంపీపీ ఫైలు బైనరీ రూపంలో ఉంటుంది. ఇచ్చిపుచ్చుకోవడానికి తొలినాళ్లలో ఎంపీఎక్స్ అనే పాఠ రూపం, తర్వాత ఎక్స్‌ఎంఎల్ వచ్చాయి. ప్రిమవెరా పీ6 తన డేటాను ఎక్స్‌ఈఆర్ అనే ట్యాబులతో విడదీసిన పాఠ రూపంలో ఎగుమతి చేస్తుంది. ఈ రూపాలన్నిటినీ చదవగల ఎంపీఎక్స్‌జే అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఈ రంగంలో ఎందరో నిశ్శబ్దంగా ఆధారపడే పనిముట్టు.

ఫైలు తెరుచుకోవడంతో కథ ముగియదు. కొత్త సాఫ్ట్‌వేర్ షెడ్యూలును మళ్లీ లెక్క కడుతుంది. పీ6 వ్యవధిని గంటల్లో నిల్వ చేస్తుంది. 80 గంటల పని 8 గంటల క్యాలెండర్‌లో పది రోజులు, 10 గంటల క్యాలెండర్‌లో ఎనిమిది రోజులు. క్యాలెండర్ దాటకుండా ‘పది రోజులు’ అన్న మాట ఒక్కటే దాటితే, సైటులో రోజుకు పది గంటలు పనిచేసే బృందం షెడ్యూలు తప్పుతుంది. ముందు పని పూర్తి కాకుండానే తర్వాతి పని మొదలైనప్పుడు మిగిలిన భాగం ఆగాలా సాగాలా అన్నది పీ6లో ఒక ఎంపిక. ఆ ఎంపికను బట్టి ముగింపు తేదీ వారాల తేడాతో జరగవచ్చు. కొత్త చోట ఆ ఎంపిక లేకపోతే ఫలితం వేరుగా వస్తుంది. పనుల మధ్య ముడులు నాలుగు రకాలు: ముగింపు నుంచి ఆరంభం, ఆరంభం నుంచి ఆరంభం, ముగింపు నుంచి ముగింపు, ఆరంభం నుంచి ముగింపు. వీటికి తోడు ‘మూడు రోజుల విరామం తర్వాత’ వంటి అదనపు షరతులు. కార్డుల బోర్డుల్లో చాలావాటికి ‘ఇది దాన్ని ఆపుతోంది’ అన్న ఒక్క ముడే తెలుసు. ఆలస్యానికి నష్టపరిహారం లెక్కగట్టే ఒప్పందాలున్న ప్రాజెక్టుల్లో ఈ తేడాలు వివాదాల దాకా వెళ్లగలవు. కాబట్టి ఆమోదం పొందిన బేస్‌లైన్‌ను తరలించడమే కాక, పాత ఫైలును మార్పు లేకుండా భద్రపరచాలి.

మార్గాలు

అందరికీ అందుబాటులో ఉండే మార్గం సీఎస్‌వీ ఫైలు. జిరా, అసానా, మన్‌డే, క్లిక్‌అప్ వంటివన్నీ దీన్ని దిగుమతి చేసుకుంటాయి. ఒక పట్టికలో సర్దలేని వ్యాఖ్యలు, చరిత్ర, ఫైళ్లు ఇందులో సగం సగమే ఇముడుతాయి.

తెలుగులో పనుల వివరాలు రాసుకునే సంస్థలకు ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తుకు మూడు బైట్లు పడతాయి. ఎన్‌కోడింగ్‌ను సూచించే బీఓఎం గుర్తు మొదట్లో లేని అలాంటి సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే అది వేరే ఎన్‌కోడింగ్ అనుకుని, తెలుగు పాఠాన్ని అర్థం లేని లాటిన్ గుర్తులుగా చూపించవచ్చు. ఆ స్థితిలో సేవ్ చేస్తే నష్టం శాశ్వతం కావచ్చు. రెండోది, గడి పరిమితిని బైట్లలో కొలిచే పాత డేటాబేసుల్లో 255 బైట్లంటే తెలుగులో 85 గుర్తులే. గుణింతాలు, పొల్లులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. తేదీలదీ ఇలాంటి తంటాయే. మన దగ్గర 03/04 అంటే ఏప్రిల్ 3, అమెరికా పద్ధతిలో మార్చి 4. రోజు 12 లోపు ఉన్న తేదీలు చప్పుడు లేకుండా తారుమారవుతాయి, 12 దాటినవి మాత్రమే తప్పు అని ఎదురు తిరుగుతాయి. భారత కాలమానం ప్రకారం అర్ధరాత్రి 12 గంటలంటే యూటీసీలో ముందు రోజు సాయంత్రం 6.30. సమయంతో నిల్వ చేసిన గడువు తేదీని సరిగా మార్చకపోతే గడువులన్నీ ఒక రోజు వెనక్కి జరుగుతాయి.

ఏపీఐ మార్గం నాణ్యమైనది, నిదానమైనది. ప్రతి సేవకూ వేగ పరిమితులుంటాయి. గిట్‌హబ్ సాధారణ వాడుకరికి గంటకు 5000 అభ్యర్థనలు అనుమతిస్తుంది. కొత్త పాఠం సృష్టించే అభ్యర్థనలకు సాధారణ పరిమితి గంటకు 500. పది వేల ఇష్యూలకు ఐదేసి వ్యాఖ్యల చొప్పున మొత్తం 60,000 సృష్టించాలంటే గంటకు 500 లెక్కన 120 గంటలు, అంటే ఐదు రోజులు ఆగకుండా నడవాలి. మధ్యలో ఆగితే ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలయ్యేలా, చేసిందే రెండోసారి చేయకుండా స్క్రిప్టు రాయాలి. విక్రేతలు ఇచ్చే దిగుమతి పనిముట్లు మూడో మార్గం. జిరా సర్వర్ నుంచి క్లౌడ్‌కు మారేవారికి అట్లాసియన్ ఒక సహాయక సాధనం ఇస్తుంది. రెడ్‌మైన్‌లో ట్రాక్, మాంటిస్ అనే ట్రాకర్ల నుంచి తెచ్చుకునే స్క్రిప్టులు సాఫ్ట్‌వేర్‌తోనే వస్తాయి. లోపలికి తెచ్చే సాధనాలు దాదాపు అందరి దగ్గరా బాగుంటాయి. బయటికి పంపే సాధనాలు అంత బాగుండవు. టూల్ కొనే ముందు పరీక్షించాల్సింది రెండోదాన్నే.

ప్రసిద్ధ తరలింపులు

బహిరంగంగా జరిగి, నిర్ణయాలతో సహా నమోదైన తరలింపులు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులవే. వికీమీడియా ఫౌండేషన్ 2014 నవంబరులో బగ్‌జిల్లా నుంచి ఫాబ్రికేటర్‌కు మారింది. 70,000కు పైగా బగ్ నివేదికలు దాటాయి. తెలుగు వికీపీడియా, వికీసోర్స్‌ల సాంకేతిక వినతులూ వాటిలో భాగమే. అక్కడ తీసుకున్న నిర్ణయం చక్కనిది. పాత సంఖ్యకు 2000 కలిపితే కొత్త సంఖ్య వస్తుంది. పాత ఒకటో బగ్ ఇప్పుడు టీ2001. ఎవరైనా నోటి లెక్కతో కనుక్కోవచ్చు, యంత్రం దారి మళ్లించవచ్చు. కొత్త చోట ఖాతా లేనివారి వ్యాఖ్యలను మొదట ఒక దిగుమతి ఖాతా పేరున ఉంచి, వారు చేరి ఈమెయిలు ధ్రువీకరించుకున్నాక వారి పేరుకు మార్చే ఏర్పాటు చేశారు. మనిషి మాట మనిషికి తిరిగి దక్కే ఈ పద్ధతిని తర్వాతివారు మరింతగా అనుసరించి ఉండాల్సింది.

జావా వేదిక ఓపెన్‌జేడీకే 2013లో తన లోపాల నమోదును జిరాకు మార్చినప్పుడు సన్ మైక్రోసిస్టమ్స్ కాలం నాటి ఏడంకెల సంఖ్యలను అలాగే ఉంచి, ముందు జేడీకే అన్న పదం చేర్చింది. పాత పుస్తకాల్లో, కోడ్‌లో కనిపించే సంఖ్య నేటికీ పనిచేస్తుంది.

పైథాన్ పరిస్థితి వేరు. 2007 నుంచి రౌండప్ అనే ట్రాకర్‌పై నడిచిన ఈ ప్రాజెక్టు గిట్‌హబ్‌కు మారాలన్న ప్రతిపాదన పెప్ 581గా నమోదై 2019లో ఆమోదం పొందింది. తరలింపు 2022 ఏప్రిల్‌లో జరిగింది. ఆమోదానికీ ఆచరణకూ మధ్య మూడేళ్లు పట్టడం ఈ పని బరువుకు కొలమానం. గిట్‌హబ్‌లో ఇష్యూలకూ పుల్ రిక్వెస్టులకూ (కోడ్ మార్పు ప్రతిపాదనలకూ) ఒకే వరుస సంఖ్యలు. పుల్ రిక్వెస్టులు అప్పటికే వేలల్లో ఉండటంతో పాత సంఖ్యలు నిలపడం కుదరలేదు. ప్రతి ఇష్యూలో పాత సంఖ్యను నమోదు చేశారు, పాత సైటును చదవడానికి మాత్రమే ఉంచారు. ఎల్‌ఎల్‌వీఎం 2021 డిసెంబరులో బగ్‌జిల్లా నుంచి గిట్‌హబ్‌కు వచ్చినప్పుడు పాత చిరునామాలకు దారి మళ్లింపు పెట్టింది.

అపాచీ లూసీన్ 2022 ఆగస్టులో జిరా నుంచి గిట్‌హబ్‌కు వచ్చింది. గిట్‌హబ్‌లో ఇష్యూలకు ఫైళ్లు జతపరిచే ఏపీఐ సౌకర్యం లేకపోవడంతో, ప్యాచ్‌లు తదితర పాత ఫైళ్లను ఒక విడి రిపాజిటరీలో పెట్టి అక్కడికి లింకులు ఇచ్చారు. దొరకని సౌకర్యం కోసం ఆగకుండా, డేటా పోకుండా చూసుకున్న తీరు ఇతరులకు ఉపయోగపడేది.

పని సాగే తీరు

అనుభవమున్న బృందాలు తరలింపును ఒకే రాత్రిలో చేయవు. ముందు నమూనాగా ఒక చిన్న, ఒక చిక్కుముడి ప్రాజెక్టు తీసుకుని ఖాళీ ఖాతాలో దింపి చూస్తాయి. లోపాలు సరిదిద్ది, మళ్లీ మొదటి నుంచి నడుపుతాయి. అసలు రోజున పాత వ్యవస్థలో రాతలు ఆపేసి, ఆఖరి బ్యాకప్ తీసి, కొత్త వ్యవస్థలో ఈమెయిలు సూచనలన్నీ ఆఫ్ చేశాకే దిగుమతి మొదలెడతాయి. ఈ చివరి మెట్టు మరిచిన చోట ఉద్యోగుల ఇన్‌బాక్సుల్లో వేల సందేశాలు దిగుతాయి, వాటిలో అసలైనవి కొట్టుకుపోతాయి.

సరిచూడటం రెండు విధాలు. మొదటిది యంత్రం చేసేది: మొత్తం పనులు, వ్యాఖ్యలు, ఫైళ్ల సంఖ్యలు రెండు వైపులా సరిపోలాలి, ఫైళ్ల చెక్‌సమ్‌లు కలవాలి. రెండోది మనుషులు చేసేది. ఎక్కువ వ్యాఖ్యలున్న ఇష్యూలు, చాలా పాతవి, తెలుగులాంటి లిపుల్లో రాసినవి, రహస్య అనుమతులున్నవి ఏరి, ఆ పని తెలిసినవాళ్లతోనే చూపించాలి. అనుమతుల తప్పు అన్నిటికంటే ప్రమాదకరం. పాత చోట ఇద్దరికే కనిపించే భద్రతా లోపం కొత్త చోట అందరికీ కనిపిస్తే సంఖ్యలన్నీ సరిపోయినా తరలింపు విఫలమైనట్టే. అన్నీ తేవాలన్న నియమం కూడా లేదు. ఏళ్ల క్రితం మూసిన పనులను పాత వ్యవస్థలోనే చదవడానికి మాత్రం ఉంచి, తెరిచి ఉన్నవాటినే తెచ్చుకోవడం తరచుగా సరైన నిర్ణయం. ఆ పాత వ్యవస్థను ఎవరు, ఎన్నాళ్లు, ఏ బడ్జెట్‌తో నిలబెడతారో రాసి ఉన్నప్పుడే అది నిర్ణయం అనిపించుకుంటుంది.

చట్టపరమైన అంశాలు

ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్‌లోని 20వ అధికరణం వ్యక్తికి తన సొంత సమాచారాన్ని యంత్రం చదవగల రూపంలో తీసుకుపోయే హక్కు ఇచ్చింది. ప్రాజెక్టుల డేటా ఎక్కువగా సంస్థలది కాబట్టి ఆ హక్కు ఇక్కడ పరిమితంగానే పనికొస్తుంది. 2025 సెప్టెంబరు 12 నుంచి వర్తిస్తున్న ఐరోపా సమాఖ్య డేటా చట్టం నేరుగా సేవ మార్పిడి సమస్యనే పట్టుకుంది. క్లౌడ్ సేవ మార్చుకునే వినియోగదారుకు అడ్డంకులు పెట్టకూడదని, మార్పిడి రుసుములు 2027 జనవరి 12 నుంచి పూర్తిగా తొలగాలని అది చెబుతోంది. భారతదేశంలో వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు 2019 ముసాయిదాలో డేటా తీసుకుపోయే హక్కు ఉండేది. 2023లో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అది లేదు. అందువల్ల ఇక్కడి సంస్థలకు ఆధారం విక్రేతతో చేసుకున్న ఒప్పందమే. సేవ ముగిశాక ఎన్ని రోజుల వరకు డేటా అందుబాటులో ఉంటుంది, ఏ రూపంలో ఇస్తారు, వ్యాఖ్యలు, ఫైళ్లు, మార్పుల చరిత్ర అందులో ఉంటాయా అన్న షరతులను సంతకానికి ముందే అందులో రాయించుకోవాలి.